అవనిగడ్డ వర్జ్యం

మానవజాతి సాధించిన ఘనకార్యాలలో, ఎవరూ పిలవకుండానే తనంతట తాను తెరుచుకునే ఫైలును మించినది లేదు. నిప్పును ఎవరో ఒకరు రాజేయాలి. చక్రాన్ని ఎవరో ఒకరు దొర్లించాలి. అక్షరాన్ని సైతం ఎవరో ఒకరు చెయ్యి పట్టి దిద్దించాలి. ఎక్సెల్ అనే లెక్కల ప్రోగ్రాములో మాత్రం మారుమూల ఒక ఫోల్డరు ఉంది. అందులో ఏ ఫైలును ఉంచితే ఆ ఫైలు, ప్రోగ్రాము తెరిచిన ప్రతిసారీ, చప్పుడు చేయకుండా, తెర మీద కనబడకుండా వచ్చి కొలువులో నిలబడుతుంది. తనలో రాసిపెట్టిన ఆజ్ఞలను వరుసగా అమలు చేస్తుంది. ఆ ఆజ్ఞలకు మాక్రోలని పేరు. గుడివాడ పట్టణంలో ఈ సత్యాన్ని దర్శించిన ప్రథముడు దైవాధీనం. ద్వితీయుడు ఇంకా పుట్టలేదని అతని విశ్వాసం.

దైవాధీనం వయసు ఆ సంవత్సరం, అంటే పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో, ముప్పై గుమ్మం దగ్గర కాస్త తటపటాయిస్తూ నిలబడి ఉంది. పెళ్లి కాలేదు. కాంతారావు గారి విత్తనాల వ్యాపారంలో కంప్యూటరు చూసుకోవడం అతని ఉద్యోగం. వ్యాపారానికి గుడివాడలో పెద్దాఫీసు, బందరులో ఒక కొట్టు, ఏరు దాటి దివిసీమలో, అవనిగడ్డలో మరొక కొట్టు ఉన్నాయి. మూడు చోట్లా మూడు కంప్యూటర్లు, ఆదివారాలు పూలగుడ్డ కప్పుకుని, మిగతా రోజులు వరి వంగడాల పేర్లు మోస్తూ కాలం గడిపేవి. ఆ మూడింటి యోగక్షేమాలూ దైవాధీనానివే.

కాంతారావు గారు ఉదారుడు, చదువరి, పంచాంగానికి మాత్రం బందీ. వర్జ్యంలో ఏ పనీ మొదలు పెట్టకూడదన్నది లోకంలో చాలామంది ఒప్పుకునే మాటే. వర్జ్యంలో ఒక్క బిల్లు కూడా రాయకూడదన్నది ఆయన ఇంటి శాసనం. ఆ శాసనం ఒక వానాకాలం ఉదయం కంప్యూటరు దాకా వచ్చింది.

"ఏమయ్యా దైవాధీనం, నీ కంప్యూటరుకి వర్జ్యం తెలీదా?"

"తెలీదండీ. తారీఖూ టైమూ అయితే తెలుసండీ."

"టైము తెలిసి వర్జ్యం తెలీకపోతే ఆ తెలివెందుకయ్యా? మా నాన్నగారి హయాంలో గుమాస్తా వర్జ్యం ఉన్నంతసేపూ కలం మూత తీసేవాడు కాదు. ఈ పిల్లలేమో తలుపు తియ్యగానే టకటకా కొట్టేస్తున్నారు. నిన్న కౌతవరం దగ్గర లోడు తడిసిందంటే ఊరికే తడిసిందా? ఆ బిల్లు ఎప్పుడు కొట్టారో చూడు!"

"టార్పాలిను చిరిగిందండీ."

"వర్జ్యంలో కొడితే చిరగదూ మరి!"

ఈ తర్కానికి ఎదురు లేదు. దైవాధీనం పంచాంగం ముందేసుకుని కూర్చున్నాడు. ఋషులు కట్టిన కాలగణితాన్ని విజువల్ బేసిక్ అనే కంప్యూటరు భాషలోకి దించే బాధ్యత, బి.కాం. రెండో తరగతిలో పాసైన తన మీద పడినందుకు అతను లోలోపల పొంగిపోయాడు కూడా. అతను రాసిన మాక్రో, ఎక్సెల్ తెరవగానే గడియారం వంక చూసేది. వర్జ్యం నడుస్తుంటే పద్దుల మీద బూడిదరంగు పెట్టె ఒకటి పరచుకునేది. పని మధ్యలో వర్జ్యం వచ్చినా అదే తీరు. పెట్టె మీద 'వర్జ్యము జరుగుచున్నది. దయచేసి వేచియుండుడు' అని ఉండేది. తెలుగు అక్షరాలు ఒక్కో యంత్రంలో ఒక్కో రకంగా విరిగిపోతాయి గనుక ఆ వాక్యాన్ని బొమ్మగా గీసి అతికించాడు. నొక్కి వదిలించుకోవడానికి మీట ఏదీ పెట్టలేదు. వర్జ్యం వెళ్లాకే పెట్టె వెళ్లేది. కాంతారావు గారు దాన్ని చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, పెట్టెకు నమస్కారం చేశారు.

ఆ ఫైలును ఫ్లాపీలో పెట్టుకుని దైవాధీనం మొదటిసారి అవనిగడ్డ వెళ్లాడు. అక్కడ కంప్యూటరు మీద పనిచేసే అమ్మాయి పేరు నాంచారి. అక్కాబావల ఇంట్లో ఉంటూ, బందరులో కంప్యూటరు కోర్సు చదివి వచ్చింది. విత్తనపు బస్తాల గుట్టకూ గోడకూ మధ్య మిగిలిన సందులో ఆమె బల్ల. పెన్సిలు జడలో దోపుకుని ఉంటుంది. వెతుక్కునేటప్పుడు మాత్రం బల్లంతా వెతుకుతుంది.

దైవాధీనం ఫ్లాపీ ఎక్కించి, ఫైలును దాని ఫోల్డరులో ప్రతిష్ఠించి, సరిగా నిలబడిందో లేదో చూద్దామని ఎక్సెల్ తెరిచాడు. బూడిదరంగు పెట్టె దభీమని పడింది. సరిగ్గా అప్పుడే వర్జ్యం మొదలైంది మరి.

నాంచారి ముక్కాలిపీట లాక్కుని పక్కన కూర్చుంది.

"ఇప్పుడేం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యకూడదండీ. అదే దీని గొప్ప."

"ఊరికే కూర్చోడానికి ప్రోగ్రాం రాశారా! మా బావ చూస్తే మీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాడు. ఆయనకైతే ప్రోగ్రాం లేకుండానే వచ్చు."

దైవాధీనం నవ్వాడు. తాను నవ్వి చాలా కాలమైందని నవ్వాక తెలిసింది. గంటన్నర వర్జ్యంలో వాళ్లు ఎన్నో మాట్లాడుకున్నారు. అంటే, ఆమె మాట్లాడింది. చివరిలో పాలకాయతిప్ప సంగతి వచ్చింది.

"అక్కడ కృష్ణ సముద్రంలో కలుస్తుంది గదండీ. ఏటి నీళ్లది ఒక రంగు, సముద్రానిది ఒక రంగు. మధ్యలో గీతుంటుంది, స్కేలు పెట్టి కొట్టినట్టు. కాసేపు చూస్తే ఆ గీత కదులుతా ఉంటుంది."

"ఎటు కదులుద్దండీ?"

"పోటుకి ఇటు, పాటుకి అటు. మీరు చూళ్లేదా?"

"లేదండీ."

"గుడివాడోళ్లకి కాలవే సముద్రం పాపం. అయితే మీరు ఒకసారి..."

పెట్టె మాయమైంది. వర్జ్యం వెళ్లిపోయింది. అప్పటికే గుమ్మంలో నిలబడ్డ రైతు కేకేశాడు. నాంచారి లేచింది, దైవాధీనం కుర్చీ ఖాళీ చేశాడు, ఆమె బిల్లు కొట్టింది. ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది.

ఒకసారి ఏమిటి? ఒకసారి రండి చూద్దురుగాని అని ఉంటుందా? ఒకసారి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి అని ఉంటుందా? ఒకసారి బస్సు టైము కనుక్కోండి అని ఉంటుందా? గుడివాడ చేరేదాకా దైవాధీనం ఆ వాక్యాన్ని రకరకాలుగా పూర్తి చేశాడు. బందరులో ఎక్కిన రైలు పెడనలో ఆగినప్పుడు అతను తేల్చుకున్నది ఒక్కటే: తప్పంతా వర్జ్యానిది. ఇంకొక్క నిమిషం ఉండవలసింది.

మర్నాడు అతను కాంతారావు గారికి ఒక శాస్త్రవిషయం మనవి చేశాడు. ఏడాది వర్జ్యాలన్నీ ఒక్కసారే ఎక్కిస్తే యంత్రాలు తిథి తప్పే ప్రమాదముందనీ, నెలనెలా మనిషి స్వయంగా వెళ్లి మార్చడమే క్షేమమనీ. నిజానికి ఏడాది వర్జ్యాలు, ఆ పైన పుష్కరానికి సరిపడే వర్జ్యాలు కూడా ఒక్క ఫ్లాపీలో ఓ మూల పడి ఉండేవి. కాంతారావు గారు తిథి అనే మాట వినగానే బస్సు ఛార్జీలు మంజూరు చేశారు.

ఆ విధంగా దైవాధీనం నెలకొకసారి అవనిగడ్డ వెళ్లే యోగం సంపాదించాడు. లోకమంతా వర్జ్యం లేని రోజు చూసి ప్రయాణం కట్టేది. అతను పంచాంగం తిరగేసి, పని వేళల్లో వర్జ్యం పడే రోజు ఏరుకుని ప్రయాణం కట్టేవాడు. బందరులో దిగి లడ్డూల పొట్లం కట్టించుకునేవాడు. అవనిగడ్డలో ఫ్లాపీ ఎక్కించి ప్రోగ్రాము తెరిచేవాడు. పెట్టె పడేది. ముక్కాలిపీట దగ్గరికి జరిగేది. పొట్లం విప్పేవారు. ఆమె కొట్టు వ్యవహారాలు చూసే రత్తయ్య గారి కోసం ఒక లడ్డూ తీసిపెట్టి, మిగిలినవి ఇద్దరికీ పంచేది. అక్క సంగతులూ, కొత్త చీర మీద పడిన పెడన అద్దకపు అచ్చు వంకరపోయిన సంగతీ, పుట్టినప్పటినుంచీ తాను ఈదలేని సంగతీ చెప్పేది. పాలకాయతిప్ప మాత్రం మళ్లీ రాలేదు. వచ్చేలోపు వర్జ్యం వెళ్లిపోయేది.

అప్పుడతను మహాపరాధం చేశాడు. వెనకటికి ఒక ఇల్లాలు భర్త ప్రాణం కోసం సూర్యుణ్ణి ఉదయించకుండా ఆపిందంటారు. అంతటి తపశ్శక్తి తనకు లేదు గనుక దైవాధీనం ఒక అంకె మార్చాడు. తాను అవనిగడ్డలో ఉండబోయే రోజున, ఆ ఒక్క యంత్రంలో, వర్జ్యం చివరను కాస్త వెనక్కి జరిపాడు. భూమి బద్దలవలేదు. మరుసటి నెల ఇంకాస్త జరిపాడు. మానవుడు సాధారణంగా అశుభ ఘడియలు త్వరగా గడవాలని కోరుకుంటాడు. వాటిని సొంత చేతులతో సాగదీసినవాడు జ్యోతిషశాస్త్ర చరిత్రలో ఇతనొక్కడే అయి ఉండాలి.

ఆ రత్తయ్య పెద్దమనిషి. బస్తాల మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ ఒకనాడు అడిగాడు.

"ఏంటి బాబూ, ఇక్కడ వర్జ్యం ఇంత బారుంటాది? గుడివాడలో తొందరగానే పోద్దంట గదా?"

"ఏరు దాటాక కాస్త నిదానిస్తుందండీ."

"అట్టాగా!" రత్తయ్య తల పంకించాడు. "కరెంటు కూడా ఇక్కడ అట్టాగే నిదానిస్తది."

నాంచారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులో తనకు కొంత వాటా ఉన్నట్టు దైవాధీనానికి తోచింది.

వెళ్లిన రోజుల సంగతి ఇది. వెళ్లని రోజులు మరొక రకం. గుడివాడ ఆఫీసులో కూర్చుని అతను మాటిమాటికీ గోడగడియారం చూసేవాడు. ఇప్పుడు అవనిగడ్డలో తలుపులు తీస్తారు. ఇప్పుడామె పూలగుడ్డ తీసి మడత పెడుతుంది. ఇప్పుడు ప్రోగ్రాము తెరుస్తుంది. తెరవగానే తన చేతిరాత లాంటి ఆ ఫైలు, ఆమెకు కనబడకుండా, ఆమె ఎదురుగా వచ్చి నిలబడుతుంది. సాయంత్రం ఆమె అన్నీ మూసేదాకా అలాగే నిలబడి ఉంటుంది. తాను వెళ్లలేని చోటికి రోజూ వెళ్లే ఆ ఫైలు మీద అతనికి ప్రేమా, అసూయా రెండూ ఉండేవి. వర్జ్యం వేళల్లో అయితే అతని చేతులు ఊరికే ఆగిపోయేవి. ఆమె ఇప్పుడు ఆ బూడిదరంగు పెట్టె ముందు, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుచూస్తూ ఉంటుంది. దేనికోసమైతేనేం, ఎదురుచూపు ఎదురుచూపే. అందులో కూర్చోబెట్టినవాడు తాను. రెండు ఊళ్ల మధ్య ఇన్ని పొలాలు, ఇన్ని కాలవలు, ఒక ఏటిపాయ ఉన్నా, ఆ గంటన్నర సేపు ఇద్దరూ ఒకే నిశ్శబ్దంలో ఉన్నట్టు అతనికి అనిపించేది. ఆ తలపుతోనే అతను చాలా రోజులు బతికాడు. మంచి తిండి కాకపోవచ్చు, అతనికి ఒంటబట్టింది.

మరుసటి ఉగాది దగ్గరపడుతుండగా కాంతారావు గారు పిలిచారు.

"కొట్లకి ఇంటర్నెట్టు పెట్టిస్తున్నా. ఇక ఫ్లాపీ పట్టుకుని తిరగక్కర్లేదు, ఫోను తీగలోనే పంపొచ్చంట గదయ్యా. మా అల్లుడు చెప్పాడు."

"తీగలో పంపితే వర్జ్యాలకి శక్తి తగ్గుతుందేమోనండీ."

"శక్తి సంగతి నాకొదిలెయ్యి. బస్సు ఛార్జీలు తగ్గుతాయి. ఈ ఒక్కసారికి వెళ్లి, ఆ అమ్మాయికి అన్నీ చూపించి వచ్చెయ్యి."

చివరి ప్రయాణం. ఈసారి ఆ సగం మాట పూర్తి చేసి రావాలని, తానే అడిగేయాలని అతను నిశ్చయించాడు. అందుకు తగ్గట్టు ఆ రోజు వర్జ్యాన్ని మధ్యాహ్నమంతా పరిచాడు. ఆ రోజున పంచాంగంలో పగటి వర్జ్యమే లేదు. అది పూర్తిగా దైవాధీన విరచితం.

దారిలో బందరులో స్నేహితుడు అబూబకర్ దగ్గర ఆగాడు. కోనేరు సెంటరు పక్క మేడ మీద అబూబకర్ కంప్యూటరు ఇన్‌స్టిట్యూటు నడుపుతాడు. కొట్ల యంత్రాలకు రోగమొస్తే వైద్యుడు కూడా అతనే. నాంచారి చదువుకున్నది అక్కడే.

"నీ వర్జ్యం పెట్టె గొప్పదే గానీ బావా," అన్నాడు అబూబకర్ టీ గ్లాసు అందిస్తూ, "షిఫ్టు నొక్కితే పారిపోద్ది గదా."

"ఏంటీ?"

"నిజంగా తెలీదా నీకు? ఎక్సెల్ తెరిచేప్పుడు షిఫ్టు మీట నొక్కి పట్టుకుంటే, తనంతట తాను నడిచే మాక్రోలు నడవవు. ఇదిగో, చూడు."

చూపించాడు. పెట్టె పడలేదు. తాళం చేసినవాడు తాళంచెవి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. దైవాధీనం టీ చల్లారిపోయింది.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"మా దగ్గర చేరిన ప్రతివాళ్లకీ మొదట్లోనే చెప్తాగా. మొన్న ప్రింటరు బాగుచెయ్యడానికి అవనిగడ్డ వెళ్లా. మీ నాంచారి, వర్జ్యం నడుస్తుండగానే బిల్లులు కొట్టుకుంటంది హాయిగా. ఏంటమ్మా అంటే, రోజూ ఇంతే సార్, రైతులు ఆగరు గదా అంది. మీ అయ్యగారికి చెప్పకేం, పాపం."

బందరు నుంచి చల్లపల్లి దాకా దైవాధీనం జీవితంలో అంత దుర్భరమైన ప్రయాణం లేదు. ఆమె ఎదురుచూడలేదు. ఒక్కనాడూ ఎదురుచూడలేదు. తాను గుడివాడలో చేతులు కట్టుకుని కూర్చున్న ఆ ఘడియలన్నిటా ఆమె మసూరి విత్తనాలకు బిల్లులు కొట్టుకుంటూ ఉంది. ఒకే నిశ్శబ్దంలో ఇద్దరున్నారనుకున్నాడు, ఉన్నది ఒక్కడే. కిటికీ పక్కన వెనక్కి పోతున్న చేలను చూస్తూ, దిగి తిరుగు బస్సెక్కుదామా అని కూడా అనుకున్నాడు.

చల్లపల్లిలో బస్సు ఆగింది. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. బస్సు మళ్లీ కదిలేసరికి అతని మనసులోకి ఒక ఆలోచన వచ్చి కూర్చుంది.

ఆమెకు షిఫ్టు సంగతి తెలుసు. మొదటినుంచీ తెలుసు. రోజూ పెట్టెను తోలేస్తుంది. కానీ తాను వెళ్లిన రోజున? తాను వెళ్లిన ప్రతిసారీ పెట్టె పడింది. ప్రతిసారీ ఆమె ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. సాగదీసిన వర్జ్యాలలో సైతం, రత్తయ్య విసుక్కున్నా సరే, ఆ మీట సంగతి ఒక్క మాట అనలేదు. లోకానికంతకూ పనికివచ్చిన షిఫ్టు మీట తన విషయంలో పనికిరాలేదు. ఎందుకని?

మోపిదేవి వచ్చేసరికి ఎందుకో అతనికి తెలిసిపోయింది. పులిగడ్డ అక్విడెక్టు వంతెన మీద, కింద ఏటిపాయ మెరుస్తుండగా, అతను రాజ్యాభిషేకానికి వెళ్తున్నవాడిలా నిటారుగా కూర్చున్నాడు. ఆ సగంలో ఆగిన వాక్యం ఇప్పుడు నిస్సందేహంగా ఒక్క విధంగానే పూర్తవుతోంది. పాలకాయతిప్ప దగ్గర రెండు రంగుల నీళ్ల మధ్య గీతను అతను అప్పుడే కళ్లారా చూస్తున్నాడు. పక్కన ఎవరో జడలోంచి పెన్సిలు తీస్తున్నారు.

కొట్టులో రత్తయ్య లేడు, భోజనానికి వెళ్లాడు. నాంచారి కుర్చీ ఖాళీ చేసింది. దైవాధీనం కూర్చుని, ఫ్లాపీ ఎక్కించి, ప్రోగ్రాము తెరిచాడు. అతని జీవితంలోకెల్లా దీర్ఘమైన వర్జ్యం తెర మీద పరుచుకుంది. ముక్కాలిపీట దగ్గరికి జరిగింది.

"ఇదే ఆఖరంటగదండీ," అంది ఆమె. "అయ్యగారు ఫోను చేశారు. ఇక లడ్డూలు కూడా తీగలోనే పంపుతారా?"

దైవాధీనం నవ్వలేదు. పొట్లం విప్పలేదు.

"నాంచారి గారూ, మీకు షిఫ్టు మీట సంగతి తెలుసంట గదండీ."

ఆమె ముఖంలో రంగు మారింది. "అబూబకర్ సార్ చెప్పారా? అయ్యగారి దాకా వెళ్లిందా?"

"లేదండీ. వెళ్లదు. నేను చెప్పను."

"రైతులు పొద్దున్నే బళ్లు కట్టుకుని వస్తారండీ. వర్జ్యం, కూర్చోండంటే ఎట్టా కూర్చుంటారు? అందుకే నొక్కేదాన్ని. తప్పే అనుకోండి."

"తప్పేం లేదండీ. నేనడిగేది అది కాదు." ఇన్ని నెలలుగా, ఇన్ని బస్సులలో కూడబెట్టుకున్న ధైర్యమంతా అతను గొంతులోకి తెచ్చుకున్నాడు. "రోజూ నొక్కేవారు గదా. మరి నేనొచ్చిన రోజున మాత్రం ఒక్కసారి కూడా ఎందుకు నొక్కలేదండీ?"

బయట రోడ్డు మీద ఆటో ఒకటి ఆగి, ఎవరినో పిలిచి, వెళ్లిపోయింది. నాంచారి ప్రశ్నను తేలిగ్గా తీసుకునే మనిషి కాదు, నిజంగానే ఆలోచించింది. ఆమె కనుబొమల మధ్య సన్నని గీత పడింది. దైవాధీనం ఆ గీతనే చూశాడు.

"మీరొచ్చిన రోజున," అందామె, "ఆ కుర్చీలో కూర్చుని తెరిచేది మీరే గదండీ."